జబ్బు తిరగబెట్టింది, కొత్త మందుల ట్రయల్ అంటున్నారు. చేరినవాళ్లు చెప్పండి

తెనాలి_అమ్మ: మా బాబుకి తొమ్మిదేళ్లు, బి-సెల్ ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్. కీమో అంతా పూర్తయిన పధ్నాలుగు నెలలకి తిరగబెట్టింది. కీమోకి కొత్త మందు కలిపి ఇచ్చే ట్రయల్ ఉందన్నారు డాక్టరుగారు. "పిల్లాడి మీద ప్రయోగాలేంటే" అని మా అత్తగారు ఒకటే ఏడుపు. నాకు నిద్ర పట్టడం లేదు.

విశాఖ_నాన్న: అమ్మా, ముందు అది ఏ ఫేజో, అంటే ట్రయల్‌లో ఎన్నో దశో అడగండి. ఫేజ్ 1లో ప్రధానంగా చూసేది పిల్లల ఒళ్లు ఎంత డోసు తట్టుకుంటుందో. ఫేజ్ 3లో సాధారణంగా ఇప్పుడున్న వైద్యంతో పోలుస్తారు. ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది, మన చేతిలో ఉండదు. ఈ సంగతి నాకు సంతకం పెట్టాక తెలిసింది. ఆ బాధ మీకొద్దు. సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సైటు) నంబరు అడిగి తీసుకోండి, అందులో వివరాలుంటాయి. ట్రయల్ వల్ల ఏదైనా అయితే వైద్యం ఉచితంగా చేయాలని మందుల ట్రయల్స్ మీద 2019లో వచ్చిన రూల్స్‌లో ఉంది.

డల్లాస్_అమ్మ: అక్కా, మా పాప 2018లో ఇక్కడ అలాంటి ట్రయల్‌లోనే ఉంది. తిరగబెట్టాక మొదటి విడత కీమో అందరికీ ఒకటే. ఆ తర్వాత కొందరికి కీమోయే, కొందరికి బ్లినాటుమొమాబ్ అనే కొత్త మందు. పాపకి బ్లినా వచ్చింది. 28 రోజులు ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది. చిన్న పంపు, మందు సంచీ వీపున బ్యాగులో. పడుకున్నా అది పక్కనే. ట్యూబు ఒంటికింద నలుగుతుందేమోనని రాత్రిళ్లు చేత్తో తడుముతూ ఉండేదాన్ని.

మొదటి రోజుల్లో ఆస్పత్రిలోనే ఉన్నాం. నర్సు రోజూ నోట్‌బుక్‌లో ఒకే వాక్యం రాయించేది. మూడోరోజు అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. పాప మాత్రం మామూలుగానే మాట్లాడుతోంది! వెంటనే పంపు ఆపి డెక్సా అనే స్టెరాయిడ్ ఇచ్చారు. తగ్గాక మళ్లీ పెట్టారు. మందు మెదడు మీద పనిచేస్తే ముందు చేతిరాతలో తెలుస్తుందట. మీరూ ఒక నోట్‌బుక్ కొనిపెట్టుకోండి.

ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు బ్లినా వైపు 54 శాతం, కీమో వైపు 39. ఆ 54 చూసి సంతోషపడ్డాను, మిగతా 46 మందిని తలచుకుని ఏడ్చాను.

వరంగల్_తండ్రి: మా బాబుది టి-సెల్ రకం. బ్లినా పట్టుకునేది బి-కణాల మీదుండే సీడీ19 అనే ప్రొటీన్‌ని, కాబట్టి మాకు ఆ దారి లేదు. ట్రయల్‌లో కీమోకి నెలారబిన్ అనే మందు కలిపి ఇచ్చారు. రెండో సైకిల్ తర్వాత కూడా మూలుగ పరీక్షలో ఎమ్మార్డీ, అంటే ఇంకా మిగిలిన క్యాన్సర్ కణాలు, తగ్గలేదు. బయటికొచ్చేస్తామంటే ఎవరూ అడ్డం చెప్పలేదు. ఇప్పుడు బాబు లేడు. అయినా చేర్చినందుకు నేను బాధపడను. మీ బాబునీ అడగండమ్మా. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి.

తెనాలి_అమ్మ: అన్నా, ఏమనాలో తెలియడం లేదు. మీ మాట విన్నాను. మాది ఫేజ్ 2 అట. ఇవాళ డాక్టరుగారు బాబుని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పారు. "వెన్నులో సూదులు ఎన్ని?" అన్నాడు. ఆయన దాచకుండా చెప్పారు. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకా సరే అనలేదు. బుధవారం దాకా టైముంది.