క్యాన్సర్ పరిశోధనకు ఛారిటీ షాపుల డబ్బు నిజంగా చేరుతుందా?

లెస్టర్‌వాసి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు మెదడులో కణితికి హైదరాబాదులో చికిత్స పొందుతున్న రోజుల్లో టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు వేయడం నా వంతుగా ఉండేది. వాంతి రాకుండా ముందు ఒక మాత్ర వేసి, అరగంట ఆగి, ఆ క్యాప్సూల్‌ను విప్పకుండా, నమలకుండా మింగించేదాన్ని. ఆయన పోయి రెండేళ్లయింది. ఒక చలికాలం ఇక్కడికి, ఇంగ్లండుకు వచ్చినప్పుడు ఆయన కొనుక్కున్న ఉన్ని కోటును మొన్న మా వీధి చివర, జనం ఉచితంగా ఇచ్చిన వస్తువులను అమ్మే క్యాన్సర్ రీసెర్చ్ యూకే ఛారిటీ దుకాణంలో ఇచ్చి వచ్చాను. ఇంత పెద్ద పరిశోధన సంస్థ పాత బట్టల అమ్మకాల మీద ఎలా నడుస్తుందో, ఆ డబ్బు ప్రయోగశాల దాకా వెళ్తుందో లేదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

లీడ్స్ తెలుగు:
దుకాణాలు కంటికి కనిపిస్తాయి కాబట్టి అవే ఆధారమని అందరం అనుకుంటాం కానీ, ఆ సంస్థకు అన్నిటికన్నా పెద్ద ఆసరా వీలునామాలండీ. వారి పరిశోధనలో మూడో వంతుకు పైగా, చనిపోయినవారు తమ ఆస్తిలో రాసిపెట్టిన భాగంతోనే సాగుతోంది. ఇక్కడి చట్టం కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఛారిటీకి రాసిన సొమ్ముపై వారసత్వపు పన్ను ఉండదు; పన్ను లెక్కకు వచ్చే ఆస్తిలో కనీసం పదో వంతు ఛారిటీకి రాస్తే, మిగిలినదానిపై 40 శాతానికి బదులు 36 శాతమే కడితే సరిపోతుంది. ఇవి గాక నెలనెలా బ్యాంకు ఖాతా నుంచి వెళ్లే చందాలు, 1994లో లండన్ బాటర్సీ పార్కులో మొదలైన రేస్ ఫర్ లైఫ్ వంటి విరాళాల పరుగులు ఉన్నాయి.

కోటు ఇచ్చినప్పుడు సంచి మీద బార్‌కోడ్ స్టిక్కర్ అంటించారా? దానిని గిఫ్ట్ ఎయిడ్ అంటారు. మీరు ఇక్కడ ఆదాయపు పన్ను కడుతున్నట్లయితే, ఆ వస్తువు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలను సంస్థ ప్రభుత్వం నుంచి రాబట్టుకోగలదు. దుకాణపు అద్దె, జీతాలు పోను మిగిలేదే పరిశోధనకు వెళ్తుంది కాబట్టి, అదనంగా వచ్చే ఆ పావలా చాలా విలువైనది.

అయితే ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. 2020లో దుకాణాలు మూతపడి, పరుగులు ఆగిపోయినప్పుడు ఆ సంస్థ పరిశోధన నిధుల్లో 4 కోట్ల 40 లక్షల పౌండ్లు కోత పెట్టవలసి వచ్చింది. ఏళ్ల తరబడి సాగవలసిన పనికి జనం జేబులు ఒక్క ఏడాది మూతపడినా దెబ్బే.

ప్రయోగశాల మనిషి:
నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. మీరు రాసిన మందు సంగతి చెప్పాలి. టెమోజోలమైడ్‌ను 1980లలో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్టీవెన్స్ బృందం తయారుచేసింది. ఆ పనికీ, 1987లో రోగుల మీద జరిగిన తొలి పరీక్షకూ అండగా నిలిచింది క్యాన్సర్ రీసెర్చ్ క్యాంపెయిన్ అనే ఛారిటీ. అదే 2002లో మరో ఛారిటీతో కలిసి నేటి క్యాన్సర్ రీసెర్చ్ యూకే అయింది. మందు పనిచేస్తుందన్న ఆశ కనిపించాకే షెరింగ్-ప్లౌ అనే మందుల కంపెనీ హక్కులు తీసుకుంది. 1999లో అనుమతులు వచ్చాయి. అమ్మకాలపై వచ్చిన రాయల్టీ తిరిగి పరిశోధనకే చేరింది. కంపెనీలు ఎంతో ఖర్చు పెడతాయి, కాదనను. కానీ పనిచేస్తుందో లేదో తెలియని తొలి ఏళ్లలో డబ్బు పెట్టేవారు అరుదు, ఆ ఖాళీని చందాదారులే పూడుస్తున్నారు.

బోస్టన్ నుంచి:
ఇక్కడా ఇటువంటిదే జరిగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లే అనే మందుల కంపెనీలో తయారైన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. మందు కంపెనీ నుంచి వచ్చింది కానీ పిల్లల వైద్యానికి, పరిశోధనకు కావలసిన డబ్బును జనమే ఇచ్చారు. 1948 మేలో రేడియోలో ‘జిమ్మీ’ అని మారుపేరు పెట్టిన ఒక పిల్లవాడితో బేస్‌బాల్ ఆటగాళ్లు మాట్లాడారు. అతనికి ఆట చూసుకోవడానికి టీవీ కొనిస్తామంటూ 20 వేల డాలర్లు అడిగితే, 2 లక్షల 31 వేలకు పైగా వచ్చాయి. ఆ జిమ్మీ ఫండ్ నేటికీ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు విరాళాలు సేకరిస్తోంది.

లెస్టర్‌వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఆ క్యాప్సూల్ వెనుక ఇటువంటి దుకాణాల డబ్బు కూడా ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆ రోజు నేనే తొందరలో గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపకుండా వచ్చేశాను. ఆయన స్వెట్టర్లు రెండు, మఫ్లరు ఒకటి ఇంకా బీరువాలో ఉన్నాయి. శనివారం తీసుకెళ్లి, ముందు స్టిక్కర్ అడుగుతాను.