జాప్ పన్నును మరో పదేళ్లు కొనసాగించాలా? (2024 నవంబరు ఎన్నికకు ముందు జరిగిన చర్చ)

వాసాచ్‌వాసి:
అమెరికాలోని యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ కౌంటీలో జంతుప్రదర్శనశాలకు, కళలకు, పార్కులకు నిధులిచ్చే జాప్ (జూ, ఆర్ట్స్, పార్క్స్) అమ్మకపు పన్నును మరో పదేళ్లు పొడిగించాలా అన్న ప్రశ్న 2024 నవంబరు 5న ఓటర్ల ముందుకు వస్తోంది. పది డాలర్ల కొనుగోలుకు ఒక సెంటు, అంతే. 1996లో మొదటిసారి ఆమోదం పొందిన ఈ పన్నును ఓటర్లు 2004లోనూ 2014లోనూ నిలబెట్టారు. లిబర్టీ పార్కులోని ట్రేసీ పక్షిశాలకు పిల్లల్ని తీసుకెళ్లని తెలుగు కుటుంబం మనలో అరుదు. ఓటున్నవారందరూ అవునని వేయవలసిందిగా నా మనవి.

గోదారిగట్టు:
నేను అంగీకరించను. అమ్మకపు పన్ను భారం ఎప్పుడూ తక్కువ జీతం వారి మీదే ఎక్కువగా పడుతుంది. బియ్యం, పాలు కొనుక్కునేవారి దగ్గర వసూలు చేసి సింఫనీకి, బ్యాలేకి ఇవ్వడం ఏమి న్యాయం?

వాసాచ్‌వాసి:
ఒక సవరణ అవసరం. వండని ఆహార పదార్థాలకు యూటా అంతటా ఒకే రేటు, 3 శాతం. జాప్ సెంటు వాటి మీద పడదు. వాదించేముందు రసీదు ఒకసారి చూడండి.

గోదారిగట్టు:
సబ్బు మీద, డైపర్ల మీద, పిల్లల చెప్పుల మీద పడుతుందా లేదా?

కొత్తచిగురు:
పడుతుంది. హోటల్లో తిన్న దోశ మీద కూడా పడుతుంది. బియ్యం మీద మాత్రం పడదు.

గోదారిగట్టు:
సరే, బియ్యం విషయంలో పొరబడ్డాను. కానీ ప్రత్యేక ప్రయోజనం పేరుతో వసూలు చేసే పన్నులను నేనెందుకు నమ్మనో చెబుతాను. మన దగ్గర ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడతాం. మా ఊళ్లో రసీదు మీద ఆ గడి ఏటా నిండేది. గ్రంథాలయంలో మాత్రం వాన వస్తే గ్రంథపాలకుడు బీరువాల మీద పాలిథీన్ పట్టాలు కప్పి, కారే చోట బకెట్టు పెట్టి, తడిసిన వారపత్రికలను మర్నాడు అరుగు మీద ఆరబెట్టేవాడు. వసూలైన సొమ్ము గ్రంథాలయానికి చేరలేదని ఆయనే మాకు చెప్పాడు.

వాసాచ్‌వాసి:
మీ బాధ అర్థమైంది. అయితే గ్రంథాలయ పన్నును కొనసాగించమంటారా అని మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఇక్కడ పదేళ్లకొకసారి అడుగుతున్నారు. వద్దంటే ఆగిపోతుంది. మీ ఊరి బకెట్టును చూపి ఇక్కడి పార్కులను ఎండగట్టడం సరికాదు.

మువ్వలసవ్వడి:
నేను నాట్యం నేర్పుతాను. ఒక వేసవిలో పార్కులో సిమెంటు వేదిక మీద ఉచిత ప్రదర్శన ఇచ్చాము. ఎండకు కాలు ఆనకపోతే తడిపిన గోనెపట్టాలు పరిచి ఆడించాను. జాప్ సహాయనిధి లేకపోతే మృదంగ విద్వాంసుడికి ప్రయాణ ఖర్చులు ఇచ్చే శక్తి మాకు లేదు. ఈ పన్నులో పెద్ద కళాసంస్థలకు సుమారు 45 శాతం, మాలాంటి చిన్న బృందాలన్నిటికీ కలిపి సుమారు 9 శాతం వెళుతుందన్న బాధ నాకూ ఉంది. అయినా ఉన్నది పోగొట్టుకోవాలని లేదు.

గోదారిగట్టు:
అమ్మా, మీ నాట్యానికి నేను వ్యతిరేకిని కాను.

వాసాచ్‌వాసి:
మరి దేనికి వ్యతిరేకులు? ఏడాదికి ఇరవై వేల డాలర్ల వస్తువులు కొన్న ఇంటికి ఈ పన్ను ఇరవై డాలర్లు. ఆ మాత్రం ఇవ్వడానికి ఇంత వాదనా?

గోదారిగట్టు:
ఇరవై డాలర్ల మాట కాదండీ. పన్నెండేళ్లుగా ఈ కౌంటీలో ఆ సెంటు కడుతున్నాను. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఓటు లేదు. మూడో తరగతిలో ఇక్కడికొచ్చిన మా అమ్మాయికి వచ్చే ఏడు ఇరవై ఒకటి నిండుతాయి. నిండిన రోజు నుంచి నా మీద ఆధారపడిన హెచ్-4 వీసా చెల్లదు. మరో పదేళ్లకు పార్కు కట్టుకుందామని మీరు పిలుస్తుంటే, ఆ పార్కులో మా పిల్ల నడుస్తుందో లేదో తెలియని నేను ఏమనాలి? "మనలో" అని మీరు రాసిన చోట నేను ఆగిపోయాను.

కొత్తచిగురు:
మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి.

వాసాచ్‌వాసి:
ఇరవై డాలర్ల ప్రస్తావన తెచ్చినందుకు క్షమించండి. పౌరసత్వం వచ్చిన తరువాత ఆ ఎదురుచూపు ఎలా ఉండేదో మరిచిపోయాను. నా అభిప్రాయం మారలేదు, అవుననే వేస్తాను. కానీ సుమారు 30 శాతం పార్కులకు, వినోద కేంద్రాలకు వెళుతుంది. అందులో మనకు, అంటే మీకు, ఏమి అడగమంటారో చెప్పండి. కౌంటీ కౌన్సిల్ సమావేశంలో అడుగుతాను.

గోదారిగట్టు:
నాకు ఓటుంటే ఇప్పటికీ వద్దనే వేసేవాడిని. అడిగారు కనుక చెబుతున్నాను. ఆదివారాలు మా పిల్లలు సాకర్ మైదానం నడుమ చాప పరిచి క్రికెట్ ఆడి, చీకటి పడ్డాక దాన్ని చుట్టి కారుమీద కట్టుకుని వస్తారు. పశ్చిమ వైపు ఏదైనా ఒక పార్కులో ఒక్క శాశ్వతమైన పిచ్ అడగండి. సమావేశం తేదీ ఇక్కడ రాయండి, నేనూ వచ్చి వెనక కూర్చుంటాను.

మువ్వలసవ్వడి:
వెనక ఎందుకండీ? మాట్లాడడానికి పేరు ఇవ్వండి.