సమస్య: వెండి చెప్పు లెఱుపు పండె నౌర!

నిర్వాహకుడు, విజయనగరం:

ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలు. మిగతా మూడు పాదాలు మీరు రాయాలి. ‘వెండి – పండె’ ప్రాసయతి, అంటే రెండో అక్షరం కలిసే యతి. పిల్లల మాయకథల నవలలు సినిమాలైనప్పుడు ఏమవుతాయో, దాని చుట్టూ పూరించండి.

ఇది మా ఇంట్లో పుట్టిన సమస్య. రెండు వారాలుగా రాత్రిపూట మా గుంటకి, అంటే మా పాపకి, ఓజ్ మాంత్రికుడి కథ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. 1900లో ఫ్రాంక్ బామ్ రాసిన నవలలో డోరతి అనే పిల్ల తొడుక్కునేవి వెండి చెప్పులు. పుస్తకం అయ్యాక 1939 నాటి సినిమా పెట్టాను. బయట వాన, కరెంటు లేదు, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఎర్ర చెప్పులు కనపడగానే మా గుంట ఆపేసి, తెర మీద వేలు పెట్టి, “ఏటి నాన్నా, చెప్పులు మార్చేసినారు?” అంది. చెకోడీల నూనె మరక ఇంకా ఆ చెప్పుల దగ్గరే ఉంది. తుడవబుద్ధి కాలేదు.

ఆమదాలవలస మిత్రుడు:

కథను వెండి, తెరను కావలె రంగని
కెంపు లద్ది రంట కెలన నిలిచి;
పసుపుటిటుక బాట పాదమ్ము మోపగా
వెండి చెప్పు లెఱుపు పండె నౌర!

అప్పట్లో టెక్నికలర్ రంగుల సినిమా అంటే జనం కళ్ళు చెదిరేవి. డోరతి నడిచే ఆ పసుపు ఇటుకల బాట మీద వెండి తేలిపోతుంది, ఎరుపు అదిరిపోతుంది. అందుకే మార్చారు.

రాజాం మాస్టారు:

బాబూ, మూడో పాదం చూడముచ్చటగా ఉంది. ‘పసుపుటిటుక’లో టుగాగమం (నడుమ చేరే ‘ట’) మరిచిపోలేదు, సంతోషం. రెండో పాదమే నలిగింది. ‘అద్దిరంట’ నోటిమాటగా బాగుంటుంది, పద్యంలో ‘అద్దిరట’ కావాలి. అలా దిద్దితే గణం పోతుంది. ఇక ‘కెలన నిలిచి’ ఏమిటి? పక్కన నిలబడితే తప్ప కెంపులు అద్దలేరా? యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన మాట అది.

ఆమదాలవలస మిత్రుడు:

చిత్తం మాస్టారూ. ‘కెంపు లద్దినారు కెమెరవారు’ అంటే?

రాజాం మాస్టారు:

కెమెరాకి దీర్ఘం కోసేశావు. పోనీలే, ఆ వస్తువే అరువు తెచ్చుకున్నది. బాగుంది.

నరసన్నపేట అక్క:

పెండ్లికూతు రడుగు పెట్టగా పారాణి
తడిగ నున్న దేమొ, దాని కతన
మేనమామ యిడిన మేలైన కానుకౌ
వెండి చెప్పు లెఱుపు పండె నౌర!

నిర్వాహకుడు:

అక్కా, ‘పండె’ అన్న మాటకి అసలైన న్యాయం మీరే చేశారు. గోరింటాకు, పారాణి పండినట్టే చెప్పులూ పండాయి. కానీ ఇందులో సినిమా ఎక్కడుంది?

నరసన్నపేట అక్క:

పెళ్ళి వీడియో తీశారు కదా తమ్ముడూ!

చీపురుపల్లి తమ్ముడు:

పచ్చ కళ్ళ వాడు పాటరు పుస్తకమున
నీలి కళ్ళ వాడు నేటి తెరను;
కన్ను మారి పోవ కాలికేం చెప్పండి
వెండి చెప్పు లెఱుపు పండె నౌర!

హ్యారీ పాటర్ నవలల్లో హ్యారీకి వాళ్ళమ్మ పచ్చ కళ్ళే వచ్చాయని పదే పదే వస్తుంది. సినిమాలో నీలి కళ్ళు. ఆ వేషం వేసిన అబ్బాయికి కాంటాక్ట్ లెన్స్ పడలేదు, అంతే కారణం.

రాజాం మాస్టారు:

మొదటి పాదం చివర ‘పుస్తకమున’ ఇంద్రగణంలో ఇమడదు, రెండు లఘువులు బయటికి వేలాడుతున్నాయి. ‘పాటరు నవలలో’ అను, సరిపోతుంది. మూడో పాదం మాత్రం నాకు తెగ నచ్చింది. ‘చెప్పండి’లో చెప్పు దాక్కుంది చూశావా? కావాలని పెట్టావా?

చీపురుపల్లి తమ్ముడు:

ఇప్పుడు మీరంటేనే చూశాను మాస్టారూ. కావాలనే పెట్టానని రాసుకోండి. మరో సంగతి, పాటర్ 7 నవలలకి 8 సినిమాలు తీశారు. ‘హాబిట్’ ఒక్క పుస్తకానికి 2012 నుంచి 2014 దాకా మూడు! ఆటవెలది ఇస్తే మూడు సీసపద్యాలు రాసుకొచ్చినట్టుంది.

పలాస మిత్రుడు:

నిజమటంచు వ్రాయ నిదురలో కలయని
తేల్చి వేసి రకట తెరకు తెచ్చి;
ఇసుకలోన జారి యెవరికి కానని
వెండి చెప్పు లెఱుపు పండె నౌర!

రంగు మార్చినందుకు నాకేమీ బాధ లేదు. సినిమా చివర డోరతి మంచం మీద లేస్తుంది, అదంతా కల అన్నట్టు చూపించారు. నవలలో అలా కాదు. గాల్లో ఇంటికి వస్తుంటే చెప్పులు జారి ఎడారిలో పోతాయి. ఆమె దిగేసరికి మామయ్య కొత్త ఇల్లు కట్టుకుని ఉంటాడు, పాతది సుడిగాలి ఎత్తుకుపోయింది కదా. కలలో పోయిన ఇంటికి ఎవరైనా మళ్ళీ ఇల్లు కడతారా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా పెంకులు ఎగిరిపోయాయి. ఆ కొత్త ఇంటి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

రాజాం మాస్టారు:

ఇందులో దిద్దడానికి ఏమీ లేదు నాయనా. ‘ఇసుక – యెవరికి’ యతి చక్కగా కుదిరింది. ‘అకట’ ఒక్కటీ ఎక్కువేమో అనుకున్నాను. నీ ఇంటి సంగతి చదివాక ఉండనీ అనిపించింది.

నిర్వాహకుడు:

ఈ వారం నా మొగ్గు పలాస వైపే. సినిమావాళ్ళు అన్నీ చెడగొట్టారని కాదు. డోరతి ఇల్లున్న కాన్సాస్‌ని బామ్ బూడిదరంగులోనే రాశాడు. సినిమా దాన్ని గోధుమరంగు మసకలో చూపించి, తలుపు తీయగానే రంగుల్లోకి దూకింది. అది పుస్తకంలోని మాటను కంటితో చదవడమే. ఎర్ర చెప్పులూ ఆ లెక్కలోవే. ఇల్లు కథ వేరు. మా గుంటకి ఆఖరి సీను ఇంకా చూపించలేదు. బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ పెట్టాలా వద్దా అని చూస్తున్నాను.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: ‘ఆకుపచ్చ నగర మద్దమందు’. యతి ఎక్కడుందో మీరే పట్టుకోండి. నవలలోని కళ్ళజోళ్ళ సంగతి తెలిసినవాళ్ళు దయచేసి ఆదివారం దాకా నోరు విప్పకండి.