ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు ఎల్ఎస్‌డీ: మన రోడ్ల మీద అవసరమా?

జడ్చర్ల 44:
అన్నలారా, నాది స్కోడా స్లావియా 1.5 టర్బో, మాన్యువల్. శ్రీశైలం డ్యామ్ దగ్గర్నుంచి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే లోపలి టైరు గిర్రున తిరుగుతుంది, బండి ముక్కు బయటికి జారుతుంది. హైదరాబాద్‌లో ఒక ట్యూనింగ్ షాపు వాళ్లు హెలికల్ ఎల్ఎస్‌డీ (ఒక చక్రం ఊరికే తిరగకుండా అడ్డుకునే, గేర్ల రకం డిఫరెన్షియల్) వేయించుకో, ఆ సమస్య పోతుంది అంటున్నారు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు చేసి బలం పెంచడం) కూడా చేయిద్దామని ఉంది. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ చాలదా?

దేవరకొండ రోడ్:
తమ్ముడూ, ఈ కారుకు, ఈ రోడ్లకు ఎల్ఎస్‌డీ వద్దు. ఎందుకో చెప్తా.

ఓపెన్ డిఫ్ అంటే టార్క్ (తిప్పే బలం) అంతా ఒక చక్రానికే పోతుందని చాలామంది అంటారు. అది తప్పు. రెండు వైపులా టార్క్ సమానంగానే పోతుంది, చిక్కంతా ఆ సమానంతోనే. మలుపులో బరువు బయటి టైరు మీదికి పోయి లోపలిది తేలికవుతుంది. ఇంజిన్ టార్క్ గేర్లలో పెరిగి చక్రం దగ్గరికి వస్తుంది, అందులో లోపలి టైరు 300 న్యూటన్ మీటర్లే పట్టగలదనుకో. బయటిది 900 మోయగలిగినా దానికీ 300 దాటి రాదు. అదే బయస్ రేషియో 2.5 ఉన్న, అంటే తక్కువ పట్టున్న చక్రానికి రెండున్నర రెట్ల దాకా రెండోదానికి పంపగల హెలికల్ ఎల్ఎస్‌డీ అయితే బయటికి 750 దాకా పంపుతుంది. ఆ తేడా చాలా పెద్దది, నేను కాదనను. అయితే లోపలి చక్రం గాల్లోకి లేస్తే సున్నాకు రెండున్నర రెట్లు కూడా సున్నాయే. క్లచ్ ప్లేట్ల రకం ఎల్ఎస్‌డీ అప్పుడు కూడా పనిచేస్తుంది, కానీ ప్లేట్లు అరుగుతాయి, రోజూ తిరిగే కారుకు అది కుదరదు.

నీ బండిలో ఎక్స్‌డీఎస్ అనే కంప్యూటర్ ఏర్పాటు ఉంది. మలుపులో లోపలి చక్రం తేలికవగానే దానికి కొద్దిగా బ్రేక్ వేస్తుంది. టైరు పట్టు 300, బ్రేక్ పట్టింది ఇంకో 300 అయితే ఆ వైపు 600 అవుతుంది. డిఫ్ సమానంగానే పంచుతుంది కాబట్టి బయటికీ 600 పోతుంది.

మిర్యాలగూడ టర్బో:
అన్నా, లెక్క బాగుంది. ఆ బ్రేక్ పట్టిన 300 ఎటు పోయింది? డిస్క్‌లో వేడిగా పోయింది. ఇంజిన్ చేసిన పనిని బ్రేకుల్లో కాల్చేస్తే దాన్ని పర్ఫార్మెన్స్ అని ఎట్లా అంటాం? స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ వాళ్లే ఆరో తరం గోల్ఫ్ జీటీఐకి ఎక్స్‌డీఎస్ ఇచ్చారు. ఏడో తరం పర్ఫార్మెన్స్ ప్యాక్‌కు వచ్చేసరికి కంప్యూటర్ చెప్పినట్టు క్లచ్‌తో బిగుసుకునే అసలైన డిఫ్ పెట్టారు. బ్రేకులతోనే పని జరిగితే ఆ ఖర్చు ఎందుకు పెట్టుకుంటారు? హోండా 1995లోనే ఇంటెగ్రా టైప్ ఆర్‌కు హెలికల్ ఎల్ఎస్‌డీ ఇచ్చింది. ముందు చక్రాలతో నడిచే మంచి కారు ఏదని అడిగితే ఇప్పటికీ దాని పేరే చెప్తారు.

దేవరకొండ రోడ్:
నువ్వు చెప్పిన కార్లు మంచివే. ఆ కంపెనీలు డిఫ్ ఒక్కటే మార్చి ఊరుకున్నాయా, అది చూడు. ఫోర్డ్ 2002 ఫోకస్ ఆర్ఎస్‌కు క్వైఫ్ కంపెనీ హెలికల్ డిఫ్ వేసింది. మలుపు నుంచి అద్భుతంగా బయటపడేది, కానీ గతుకుల రోడ్డు మీద స్టీరింగ్‌ను చేతుల్లోంచి లాగేస్తుందని పేరు తెచ్చుకుంది. 2009లో 300 హార్స్‌పవర్‌తో రెండో ఆర్ఎస్ వచ్చినప్పుడు డిఫ్‌ను ఉంచి, ముందు సస్పెన్షన్‌కు రెవోనకుల్ అనే కొత్త ఏర్పాటు చేసింది. రెనో మెగాన్ ఆర్ఎస్‌లో, ఈ మధ్య హోండా సివిక్ టైప్ ఆర్‌లలో కూడా స్టీరింగ్ తిరిగే ఇరుసును స్ట్రట్ (షాకబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన కాలు) నుంచి విడదీశారు. ఆ ఇరుసు చక్రం మధ్యకు ఎంత దగ్గరైతే టార్క్ స్టీరింగ్‌ను అంత తక్కువ లాగుతుంది. ఇంటెగ్రాది డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, ఇంజిన్‌కు టర్బో లేదు, టార్క్ నిదానంగా వస్తుంది. స్లావియాలో 1600 ఆర్‌పీఎంకే 250 న్యూటన్ మీటర్లు వచ్చి పడతాయి, సస్పెన్షన్ మామూలు మెక్‌ఫర్సన్ స్ట్రట్.

ఇక మన రోడ్లు. యాసంగి కోతలప్పుడు దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ వైపు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. నాట్లప్పుడు ట్రాక్టర్ కేజ్ వీల్స్ మోసుకొచ్చిన బురద ఉంటుంది. ఎడమ టైరు వడ్ల మీద, కుడి టైరు తారు మీద ఉన్నప్పుడు గట్టిగా తొక్కావనుకో. ఎల్ఎస్‌డీ పట్టున్న కుడి టైరుకు ఎక్కువ టార్క్ పంపుతుంది, స్టీరింగ్ ఎడమకు, ఆ వడ్ల వైపే లాగుతుంది. అక్కడ పారతో వడ్లు నెరుపుతూ మనుషులుంటారు. మలుపులో దొరికే ఆ కాస్త వేగం కోసం దీన్ని ఒప్పుకోలేను.

మిర్యాలగూడ టర్బో:
బ్రేక్ పద్ధతిలోనూ కుడికే ఎక్కువ పోతుంది కదా?

దేవరకొండ రోడ్:
పోతుంది. కానీ టైరు జారుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్‌ను కూడా తగ్గిస్తుంది, లాగే బలమే తగ్గిపోతుంది. ఎల్ఎస్‌డీ ఉంటే టైరు జారదు కాబట్టి కంప్యూటర్ కల్పించుకోదు, మొత్తం టార్క్ స్టీరింగ్ మీదికి వస్తుంది.

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ:
ట్రాక్టర్ నడిపేటోళ్లకు ఇది రోజూ ఉండేదే. వరి మడిలో ఒక చక్రం దిగబడితే డిఫ్ లాక్ తొక్కుతాం, రెండూ కలిసి తిరిగి బయటపడతాయి. గట్టి నేల మీదికి వచ్చి మలుపు తిప్పేముందు దాన్ని వదలాలి, లేకపోతే ట్రాక్టర్ తిరగదు, లోపల సామాను విరుగుతుంది. ఎల్ఎస్‌డీ పూర్తి లాక్ కాదని తెలుసు, కానీ నేల ఎట్లాంటిదో చూడకుండా డిఫ్ గురించి మాట్లాడలేం.

పని సంగతి కూడా చెప్పాలి. గేర్‌బాక్స్ దించి విప్పాలి. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ గేర్‌బాక్సుల్లో క్రౌన్ వీల్‌ను (డిఫ్‌ను తిప్పే పెద్ద గేరును) రివెట్లతో బిగిస్తారు. వాటిని డ్రిల్ చేసి తీసి బోల్టులు వేయాలి, బేరింగ్ ప్రీలోడ్ (బిగింపు) షిమ్ములతో, అంటే పల్చటి రేకు వాషర్లతో, సరిచూడాలి. ఇది తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వు. గేర్‌బాక్స్ వారంటీ మీద ఇక ఆశ పెట్టుకోవద్దు.

మిర్యాలగూడ టర్బో:
వడ్ల రోడ్డు సంగతి ఒప్పుకుంటా, నేనూ అదే రోడ్డు మీద తిరుగుతా. కానీ ట్రాక్ మీద నడిపేవాళ్లకు మాత్రం ఎల్ఎస్‌డీ కావాలి. చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌ల మీద ల్యాప్ తర్వాత ల్యాప్ ఎక్స్‌డీఎస్ బ్రేకులు వాడుతూ పోతే, మలుపు ముందు నిజంగా బ్రేక్ కావాల్సినప్పుడు అవి వేడెక్కి ఉంటాయి.

దేవరకొండ రోడ్:
ట్రాక్ కోసమే ఉంచుకున్న కారైతే నేనే వేయించుకోమంటా.

జడ్చర్ల 44:
మరి నేనేం చేయాలి? రీమ్యాప్ సంగతి?

దేవరకొండ రోడ్:
ముందు టైర్లు చూడు తమ్ముడూ, వాటి వయసు, గాలి, అలైన్‌మెంట్. మంచి టైరుతో లోపలి చక్రం పట్టు 300 నుంచి 360కి పెరిగితే, ఓపెన్ డిఫ్‌లో రెండు వైపులా కలిపి 600 కాస్తా 720 అవుతుంది, గేర్‌బాక్స్ ముట్టుకోకుండానే. రెండోది, మలుపు మధ్యలో తొక్కవద్దు. స్టీరింగ్ తిన్నగా విప్పుకుంటూ దానితోపాటే యాక్సిలరేటర్ పెంచు. ఆ ఘాట్‌లో మలుపు అవతల కోతుల గుంపు రోడ్డు మీదే కూర్చుని ఉంటుంది, అందుకైనా సరే. రీమ్యాప్ మాత్రం ఇప్పుడు వద్దు. ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన 250 గేర్లలో పెరిగి వస్తుంటేనే లోపలి టైరు పట్టలేకపోతుంటే ఇంకా పెంచి ఎక్కడ పెడతావు?