అప్‌డేట్: తమ్ముడికి క్రోన్స్ (పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది, మా పాపకి జీన్ టెస్ట్ చేయించాలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగిన ప్రశ్నకి ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. నిన్న తమ్ముడితో పాటు గ్యాస్ట్రో డాక్టర్‌గారిని కలిశాం.

పాపకి టెస్ట్ వద్దన్నారు. ఈ జబ్బుకి సంబంధం ఉన్న జన్యు స్థానాలు 200కి పైనే ఉన్నాయట, చాలావాటి ప్రభావం ఒక్కోటిగా చూస్తే చిన్నదే. ఈ జబ్బుతో సంబంధం ఉందని 2001లో బయటపడ్డ నాడ్2 జన్యువు గురించి నేను చదివి తెగ టెన్షన్ పడ్డాను. కానీ యూరప్ వాళ్లలో ఆ జన్యువులో కనిపించే మార్పులు మనవాళ్లలో చాలా అరుదట. దగ్గరి బంధువులకి రిస్క్ కాస్త ఎక్కువే అయినా, ఎక్కువమందికి రాదు. పాపకి విరేచనాలు తగ్గకపోయినా, బరువు తగ్గినా, ఎదుగుదల ఆగినా అప్పుడు తీసుకురమ్మన్నారు. ఇంట్లో సిగరెట్ పొగ ఉండకూడదని మరీ మరీ చెప్పారు.

జీన్ టెస్ట్ అవసరమైంది తమ్ముడికి! అజథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే మందు) మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 అనే జన్యువు చూశారు. అందులో మార్పు ఉంటే మామూలు డోసుకే రక్తంలో తెల్లకణాలు పడిపోవచ్చు, జుట్టు ఊడిపోవచ్చు. ఆసియా వాళ్లలో ఈ మార్పు ఎక్కువ. వాడి రిపోర్టులో ఆ జన్యువుకి ఉండే రెండు కాపీల్లో ఒకదాంట్లో మార్పు ఉందని వచ్చింది. అందుకే సగం మాత్రతో మొదలుపెట్టారు. అమ్మ మాత్రని గీత దగ్గర విరిచి, మిగతా సగం మళ్లీ డబ్బాలో పెడుతోంది. మొదట్లో వారం వారం రక్తపరీక్ష. మీలో ఎవరికైనా ఈ మందు రాసిస్తే దయచేసి ముందే ఈ టెస్ట్ గురించి మీ డాక్టర్‌ని అడగండి.

తమ్ముడి మొదటి రక్తపరీక్ష సోమవారం.