మచిలీపట్నం ప్రభుత్వ సీటు వదిలి, ఇంటికి దగ్గరి ప్రైవేటు కళాశాలకు మారవచ్చా?

బ్రాడీపేట నాన్న (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి కన్వీనర్ కోటా (నీట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగులో తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లు) మొదటి విడతలో మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. చేర్పించి వచ్చాం. ఇప్పుడు రెండో విడత వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కళాశాలలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకోవడం, తెరిచారు. మా ఊరు గుంటూరుకు అరగంట దూరంలో ఒక ప్రైవేటు కళాశాల ఉంది. నిరుడు అక్కడి కన్వీనర్ సీట్లు మా అమ్మాయి ర్యాంకు దాకా వచ్చాయి. ప్రభుత్వ సీటు చేతికొచ్చాక ఎవరైనా వదులుకుంటారా అని మా బావమరిది కోప్పడుతున్నాడు. పిల్ల ఇంటి అన్నం తిని చదువుకుంటుంది కదా అని మా ఆవిడ. ఆ ప్రైవేటు కళాశాలను కూడా ఆప్షన్లలో పెట్టి, సీటు వచ్చాక రెండింటిలో ఏది నచ్చితే అది ఉంచుకునే వీలుంటుందా? గడువు నాలుగు రోజులే ఉంది.

విజయవాడ అమ్మ:
ఉండదండి. రెండో విడతలో మీరు పెట్టిన ఆప్షను వచ్చిందంటే మచిలీపట్నం సీటు దానంతట అదే రద్దయి వెనక ర్యాంకు వారికి వెళ్లిపోతుంది. మళ్లీ కావాలన్నా రాదు. రెండు ఉత్తరాలు బల్ల మీద పెట్టుకుని తీరిగ్గా ఎంచుకునే పద్ధతి మన కౌన్సెలింగులో లేదు. ఎంచుకోవడం అనేది ఆప్షన్లు పెట్టే రోజే అయిపోతుంది.

మా అబ్బాయి విషయంలో జరిగింది చెబుతాను. చేతిలో మంచి సీటే ఉంది. నెట్ సెంటరు కుర్రాడు ఖాళీగా వదలకూడదండీ అంటూ వరుసగా కళాశాలలన్నీ నొక్కుకుంటూ పోయాడు. పక్కనే కూర్చున్నాను, నాకూ తట్టలేదు. అందులో మాకు అక్కర్లేని ఒకటి వచ్చి కూర్చుంది. ఎవరిని అనగలం? కాబట్టి చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగు అనుకున్నవే పెట్టండి. అలాంటివి రెండే ఉంటే రెండే పెట్టండి. వాటిని ఇష్టాన్ని బట్టి వరుసగా పెట్టండి, వస్తుందో రాదో అన్న లెక్కను బట్టి కాదు. గుంటూరు వైద్య కళాశాల ఎలాగూ రాదులే అని కిందికి నెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు, పైనుంచే చూసుకుంటూ వస్తారు.

తెనాలి మాస్టారు:
మీ బావమరిది మాటే నా మాట. ప్రభుత్వ కళాశాల అంటే ప్రభుత్వ కళాశాలే. ప్రైవేటులో ఫీజులు కట్టలేక ఇళ్లు అమ్ముకున్నవారిని చూశాను.

గుంటూరు హౌస్ సర్జన్:
మాస్టారూ, మీరు చూసింది ఎక్కువ ఫీజు కట్టే మేనేజ్‌మెంటు కోటా వాళ్లను. కన్వీనర్ కోటాలో వస్తే ప్రైవేటులోనూ ట్యూషన్ ఫీజు వేలలోనే ఉంటుంది. తేడా అంతా హాస్టలు, మెస్సు, ఇతర ఫీజుల దగ్గర. అవి ఏడాదికి ఎంతో కళాశాల చేత కాగితం మీద రాయించుకోవాలి. ఇంకో మాట, మచిలీపట్నం లాంటి కొత్త ప్రభుత్వ కళాశాలల్లో కూడా 2023లో ఏడాదికి 12 లక్షల రూపాయలతో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెట్టారు. అప్పుడే జనరల్ సీటుకు 15 వేలుగా నిర్ణయించారు. మీ అలాట్‌మెంటు ఆర్డరులో ఏ కేటగిరీ అని ఉందో ఒకసారి చూసుకోండి. కన్వీనర్ కోటా అన్నారు కాబట్టి జనరల్ సీటే అయి ఉంటుంది.

పట్టా సంగతి పెద్దగా ఆలోచించకండి. రెండూ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. ప్రశ్నపత్రం అదే, పట్టా అదే. రేపు పీజీకి నీట్ రాసేటప్పుడు ఎక్కడ చదివావని ఎవరూ అడగరు.

అడగవలసింది రోగుల గురించి. 150 సీట్ల కళాశాలకు 605 పడకలు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. కాగితం మీద అందరికీ ఉంటాయి. పడక మీద మనిషి ఉన్నాడా అన్నదే లెక్క. ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో ఏడాది పనిచేసే హౌస్ సర్జన్ దశ నాది, గుంటూరు సర్వజనాసుపత్రిలో చేస్తున్నాను. మొదటి నెలలో రక్తం తీయడానికి నరం దొరక్క చెమటలు పట్టేవి. ఒక ముసలాయన తనే మోచేయి చాపి, ఇక్కడ గుచ్చు బాబూ, నిన్న ఇంకొకాయన ఇక్కడే తీశాడు అని చూపించాడు. అలాంటి చేతులు రోజుకు ముప్పై దొరికితే రెండు వారాల్లో భయం పోతుంది. రోజుకు రెండే దొరికితే ఏడాదైనా పోదు.

మచిలీపట్నానికి ఒక లోటు ఉంది. 2023లో మొదలైంది, మొదటి బ్యాచ్ ఇంకా హౌస్ సర్జన్ దశకు రాలేదు. వార్డులో చేయి పట్టుకుని నేర్పేది ప్రొఫెసర్లు కాదు, సీనియర్లు. అక్కడ ఆ వరుస ఇంకా పూర్తిగా లేదు. దీన్ని తీసిపారేయకండి. అలాగని ప్రైవేటు అన్నీ ఖాళీ అనుకోకండి, ఎన్టీఆర్ వైద్య సేవ (పేదలకు ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం) కింద కిటకిటలాడే ఆసుపత్రులు వాళ్లకూ ఉన్నాయి. ఎల్లుండి సోమవారం. ఉదయం తొమ్మిదింటికి ఒక చోట, మంగళవారం అదే వేళకు రెండో చోట నిలబడి చూడండి. ఓపీ చీటీల వరుస, క్యాజువాలిటీ, లేబర్ రూము బయటి బెంచీలు. అడ్మిషన్ల ఆఫీసువాళ్లు వెంట వచ్చి చూపిస్తామంటే వద్దనండి.

బ్రాడీపేట నాన్న:
అలాగే వెళతాం. అమ్మాయిని కూడా తీసుకెళ్లమంటారా?

విజయవాడ అమ్మ:
అదేమి ప్రశ్నండీ! అయిదున్నరేళ్లు ఉండవలసింది ఆ పిల్ల. ఇంతవరకు బావమరిది ఏమన్నాడో, ఆవిడ ఏమన్నారో చెప్పారు కానీ అమ్మాయి ఏమందో చెప్పలేదు.

బ్రాడీపేట నాన్న:
నిజమే, సిగ్గుపడ్డాను. రెండు చోట్లకూ వెళ్లొచ్చాం. ప్రైవేటు ఆసుపత్రి ఓపీ నేననుకున్నదానికంటే బాగా నిండి ఉంది, ఎముకల విభాగంలో నిలబడడానికి చోటు లేదు. కాన్పుల వార్డులో మాత్రం ఇద్దరే ఉన్నారు. మిగతా పడకల మీద దుప్పట్లకు ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అది చూసింది అమ్మాయే, నాకు చూపు ఆనలేదు.

మచిలీపట్నంలో కళాశాల కరగ్రహారంలో, ఆసుపత్రి ఊళ్లో. పిల్లలు బస్సులో తిరగాలి. ఆసుపత్రిలో కాన్పుల గది ముందు ఆడవాళ్లు మెట్ల మీద కూడా కూర్చుని ఉన్నారు. అమ్మాయి అక్కడ రెండో ఏడాది విద్యార్థినితో అరగంట మాట్లాడింది. డిసెక్షన్ హాలు గురించి, హాస్టలు నీళ్ల గురించి ఏమేమో అడిగింది. తిరుగు దారిలో గుడివాడ దాటేదాకా మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, గుంటూరు, విజయవాడ, కాకినాడ పెడదాం. అవి రాకపోతే మచిలీపట్నమే" అంది. ప్రైవేటు పెట్టలేదు. మా ఆవిడ అలిగింది కానీ పచ్చడి జాడీలు మాత్రం కడుగుతోంది.

ఒక సందేహం మిగిలింది. గుంటూరుకు మారితే ఇప్పుడు మచిలీపట్నంలో ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి ఏమిటి?

గుంటూరు హౌస్ సర్జన్:
మారితే కొత్త అలాట్‌మెంటు ఆర్డరు చూపించి అక్కడి నుంచి తీసుకుని, గడువులోగా ఇక్కడ ఇవ్వాలి. వెళ్లే ముందు ఆఫీసుకు ఫోను చేయండి, సంబంధిత గుమాస్తా సెలవులో ఉంటే ఒక రోజు వృథా. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, అన్నీ మూడేసి సెట్లు జిరాక్సు తీసి ఇంట్లో ఉంచుకోండి. ఆప్షన్లు సేవ్ చేశాక ఆ పేజీ ప్రింటు తీసి, వరుస సరిగ్గా ఉందో లేదో అమ్మాయి చేత చదివించండి.

బ్రాడీపేట నాన్న:
చదివించాను. కాకినాడ రెండోదిగా పడింది. సరిచేశాం.