ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలా, ఒక్క భాగం దగ్గరే ఆగాలా?

అందరికీ వందనాలు. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. మా తెలుగు సంఘంలో ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్లాన్ పెట్టారు. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడు నాలుగు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లో చదివేస్తున్నాను (ఆ ట్రాఫిక్ కూడా దీర్ఘశాంతానికి పరీక్షే!). టిక్కులు పడుతున్నాయి కానీ, లేవీయకాండం దాటాక మనసుకు ఏదీ తగలడం లేదు. రోమా 12:2లో పౌలు చెప్పిన మనసు మార్పు అధ్యాయాల లెక్కతో వచ్చేది కాదనిపిస్తోంది.

పక్కింటి క్యాథలిక్ ఆంటీ వేరే పద్ధతి చెప్పారు. చిన్న భాగం చదవడం, ధ్యానించడం, దాంతోనే ప్రార్థించడం, చివర మౌనంగా దేవుని సన్నిధిలో ఉండడం. 12వ శతాబ్దపు మఠవాసి గీగో ఈ నాలుగు మెట్లు రాశాడు. మొదటి కీర్తన కూడా దివారాత్రాలు ధ్యానించమనే అంటుంది కదా, మనకిది పరాయిదేమీ కాదని నా అభిప్రాయం. మా ఆయన మాత్రం "ముందు మొత్తం చదువు, తర్వాత ధ్యానం" అంటారు.

రెండూ చేసినవాళ్లు ఉన్నారా? ఓర్పులో, మాటతీరులో ఇంట్లోవాళ్లు గమనించేంత మార్పు దేనివల్ల వచ్చింది? ఉద్యోగం చేస్తూ ఏ సమయం కుదిరింది? ప్రసంగాల లింకులు వద్దు, దయచేసి మీ అనుభవమే చెప్పండి.